గవాచి మూసుకున్నాక

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ వెళ్లే దారికి అటూ ఇటూ ఉన్న పాత ఊళ్లలో అక్కడక్కడా మట్టిమిద్దెలు కనిపిస్తాయి. దూలాలూ దంతెలూ పరిచి, పైన చౌడుమన్ను దట్టించిన ఇళ్లవి. మిద్దెక్కి చూస్తే వంటింటి మీద గవాచి, అంటే కప్పులో వదిలిన కంత, ఉంటుంది. వానొస్తే ఎవరో ఒకరు పరుగున వెళ్లి దాని మీద బండో, పాత పెనమో కప్పాల్సిందే. గవాచి వెలుతురు కోసమేనని చాలామంది అనుకుంటారు. అది సగం పనే. వేడెక్కిన పొగ తేలికై గవాచిలోంచి పైకి పోతుంటే, దాని చోటు నింపడానికి వాకిట్లోంచి చల్లగాలి వచ్చేది. ఇల్లు మొత్తం పెద్ద పొగగొట్టంలా పనిచేసేది. పొగంతా పోయేదని కాదు. దూలాలకు పట్టిన మసి చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. కానీ గాలికి రాకా ఉంది, పోకా ఉంది.

పొయ్యికి ఎంత గాలి కావాలో లెక్క వేసుకుంటే ఆశ్చర్యమేస్తుంది. కిలో ఎండుకట్టె పూర్తిగా కాలాలంటే దాదాపు ఆరు కిలోల గాలి, అంటే అయిదు ఘనమీటర్లు ఉండాలి. నిజానికి ఏ పొయ్యీ అంత పొదుపుగా కాలదు. రెట్టింపు వేసుకుందాం. పది అడుగుల పొడవూ వెడల్పూ ఎత్తూ ఉన్న వంటింట్లో మొత్తం గాలి 28 ఘనమీటర్లు. మూడు కిలోల కందికట్టె, పత్తికట్టె కాలేసరికి గదిలో ఉన్న గాలంతా పొయ్యికే సరిపోతుంది. బయటి నుంచి కొత్తగాలి రాకపోతే మంట తగ్గి, పొగ పెరుగుతుంది. అప్పుడే ఊదుగొట్టం అందుకోవాల్సి వస్తుంది. జొన్నరొట్టె కాల్చే ఆడవాళ్ల కళ్లు ఎర్రబడింది కట్టె పచ్చిదై మాత్రమే కాదు, గాలి చాలక కూడా.

గాలికి దారి వదలాలన్న ఈ కిటుకు పొట్టుపొయ్యి కట్టేవాళ్లకు చేతి అలవాటుగా తెలుసు. డబ్బా అడుగున పక్కగా ఒక రంధ్రం చేస్తారు. అందులోంచి ఒక కర్ర అడ్డంగా దూర్చి, మధ్యలో సీసా నిలువుగా నిలబెట్టి, చుట్టూ రంపపుపొట్టు పోసి గట్టిగా అదుముతారు. ఆపైన సీసాను తిప్పుతూ మెల్లగా పైకి, కర్రను పక్కకు లాగేస్తారు. మిగిలేది మలుపు తిరిగిన సొరంగం. కిందినుంచి గాలి, లోపలి గోడల వెంట నిప్పు, పైన గిన్నె. పొట్టు జారి కింది రంధ్రం పూడిందా, ఆ పూట వంట లేనట్టే. మిల్లు ఊకతో వండే ఊకపొయ్యిదీ ఇదే తీరు. ఆళ్లగడ్డ శిల్పుల ఉలి మొన సాగగొట్టిన కొలిమిలోనూ తిత్తి గాలి బొగ్గుల కిందికే చేరాలి.

చదువుకున్నవాళ్లు కట్టెలపొయ్యి మీద దృష్టి పెట్టింది ఆలస్యంగానే. వార్ధాలోని మగన్‌వాడిలో మగన్ చుల్లా అనే మెరుగైన పొయ్యి రూపుదిద్దుకుంది. మన హైదరాబాద్ ఇంజినీరింగ్ పరిశోధనాలయంలో డాక్టర్ ఎస్.పి.రాజు మట్టితోనే పొగలేని పొయ్యి తయారుచేసి, కోట్లమంది వంటిళ్ల కోసమంటూ 1953లో పుస్తకమే రాశారు. ఒక ఇంజినీరు ఆడవాళ్ల వంటింటిని పరిశోధనకు తగిన విషయంగా ఎంచుకున్నాడంటే ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. ఆయన్ను మనం దాదాపు మరచిపోవడం బాధ కలిగిస్తుంది. 1983లో కేంద్రం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం మొదలుపెట్టి, 2002లో ముగించింది. పొగగొట్టాల్లో మసి తీసేవాళ్లు లేక, పగిలినవి బాగుచేసేవాళ్లు లేక చాలా పొయ్యిలు మూలపడ్డాయి.

ఈలోగా మిద్దెలు పోయి స్లాబు ఇళ్లు వచ్చాయి. గవాచి మాయమైంది, కట్టెలపొయ్యి మాత్రం చాలా ఇళ్లలో మిగిలింది. నా ఉద్దేశంలో అసలు నష్టం జరిగింది ఇక్కడే. 1999లో దీపం, 2016లో ఉజ్వల పథకాలు గ్యాస్‌ను చాలా ఇళ్లకు చేర్చాయి. సిలిండర్ అయిపోయిన రోజు మళ్లీ కట్టెలే.

పంట వ్యర్థాలను గుళికలుగా నొక్కి కాల్చే ఊర్జా పొయ్యిని ఈ శతాబ్దం తొలి దశకంలో బీపీ సంస్థ, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి తెచ్చాయి. బ్యాటరీతో తిరిగే చిన్న ఫ్యాను కిందినుంచి కొంత గాలి, పైన మంటకు మరికొంత అందిస్తుంది. అంటే ఊదుగొట్టం పని ఫ్యాను చేసింది. గుళికల ధర పెరిగేసరికి ఇళ్లలో వాడకం తగ్గిపోయింది.

అమెరికాలో చలి ప్రాంతాల మనవాళ్ల ఇళ్లలో ఇలాంటి గుళికల పొయ్యిలే గదిని వెచ్చబరుస్తాయి. అక్కడ చిక్కు వేరు. చలికి తలుపులూ కిటికీలూ బిగించేసిన ఇంట్లో పొయ్యి ఫ్యాను వెచ్చటి గాలినే పీల్చి బయటికి తోస్తుంది. వంటింటి ఎగ్జాస్ట్ కూడా తిరిగితే లోపల ఒత్తిడి తగ్గి, పొగ, కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి రావచ్చు. అందుకే గోడకు రంధ్రం చేసి, బయటిగాలి సూటిగా పొయ్యికి చేరేలా గొట్టం బిగిస్తారు. ఎలుకలు దూరకుండా దాని మూతికి జాలీ వేస్తారు, మంచు కప్పేయనంత ఎత్తున పెడతారు, పొగ పోయే మూతికి దూరంగా ఉంచుతారు. బయటిగాలిని గొట్టం ద్వారా పొయ్యి దగ్గరికి తెచ్చి, వేడిచేసి గదిలోకి వదిలే పద్ధతిని బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1744లోనే వివరించాడు.

మన దగ్గర ఆ గొట్టం అక్కర్లేదు. కట్టె ఇంకా కాలుతున్న వంటింట్లో నేలకు దగ్గరగా ఒక గోడకు, కప్పు కింద ఎదురుగోడకు చెరొక జాలీ పెడితే చాలు. ఇళ్ల పథకాల ప్లానుల్లోనే ఆ రెండూ గీస్తే మేస్త్రీకి అరపూట పని.