పులుపు కాపాడిన తీపి: టోకాయ్ తెల్లద్రాక్షల చరిత్ర

హంగరీ ఈశాన్యాన టోకాయ్ కొండల్లో తీపి వైన్ ఎలా పుట్టిందో చెప్పే కథ ఒకటుంది. 1630ల్లో తురుష్కుల దాడి భయంతో కోత ఆలస్యమైందట. అప్పుడు బూజుపట్టి ఎండిన పండ్లతోనే సెప్షి లాట్స్కో మాటే అనే మతబోధకుడు వైన్ చేశాడట. కానీ ‘అసూ’ అనే ఆ ఎండుపండ్ల వైన్ మాట 1571 నాటి పత్రంలోనే కనిపిస్తుంది. అంటే ఇది ఒక్కరోజు అదృష్టం కాదు, తరాల అనుభవం.

ఆ అనుభవానికి ఆధారం ఫుర్మింట్ అనే తెల్లద్రాక్ష. అది ఆలస్యంగా పండుతుంది, పులుపు దండిగా ఉంటుంది. బోడ్రోగ్, టిసా నదులు కలిసే ఆ చోట శరత్కాలపు ఉదయాల్లో పొగమంచు కమ్ముతుంది, మధ్యాహ్నానికి ఎండ కాస్తుంది. మంచు తేమకు పండ్ల మీద బోట్రైటిస్ బూజు పడుతుంది. అది తొక్కను గుల్ల చేస్తే, ఎండకు లోపలి నీరు ఆరి రసం చిక్కబడుతుంది. ఒకే గుత్తిలో కొన్ని పండ్లు ముడుచుకుపోతే, పక్కవి ఇంకా నిగనిగలాడుతుంటాయి. అందుకే కూలీలు తోటను మళ్ళీ మళ్ళీ తిరిగి, ఎండినవాటిని ఒక్కొక్కటిగా చేత్తో ఏరుతారు. వాటిని తాజా రసంలోనో వైన్‌లోనో నానబెడతారు. పూర్వం 136 లీటర్ల పీపాలో సుమారు 25 కిలోల బుట్టలు ఎన్ని పోశారన్నదే తీపికి కొలత.

1737లో రాజశాసనం టోకాయ్ తోటలకు హద్దులు నిర్ణయించింది. 1880ల్లో ఫిలాక్సెరా పురుగు వేళ్ళ రసం పీల్చి ఆ తోటలను నాశనం చేసింది. తిరిగి నాటినప్పుడు ఫుర్మింట్, హార్ష్‌లెవెల్యూ, పసుపు మస్కట్ ముందు నిలిచాయి. హార్ష్‌లెవెల్యూ ఫుర్మింట్ సంతానమేనని జన్యు పరీక్షల్లో తేలింది. అది పరిమళాన్నిస్తే, ఫుర్మింట్ వెన్నెముకగా నిలుస్తుంది. 1951లో ఫుర్మింట్‌ను బువియే రకంతో సంకరం చేసి, త్వరగా పండే జేటాను సృష్టించారు.

సోషలిస్టు పాలనలో నాణ్యత కంటే దిగుబడికే పెద్దపీట వేశారు. 1990 తర్వాత తోటలు మళ్ళీ ప్రైవేటు చేతుల్లోకి వచ్చాయి, పాత పద్ధతులకు గౌరవం తిరిగొచ్చింది. 2013 నుంచి అసూలో లీటరుకు కనీసం 120 గ్రాముల చక్కెర ఉండాలన్న నియమం అమలైంది. అంత తీపిని తన పులుపుతో వెగటు పుట్టకుండా మోయగల ఫుర్మింట్ లాంటి రకం అరుదు. ఇప్పుడు అదే ఫుర్మింట్‌తో తీపి లేని వైన్ కూడా చేసి మెప్పిస్తున్నారు. రైతులు దాన్ని తరతరాలుగా నమ్ముకున్నది తీపి ఒక్కదాని కోసమే కాదని దీన్నిబట్టే అర్థమవుతుంది.