మూట విప్పితే మన చరిత్ర

సెప్టెంబరు 5 దగ్గర పడితే మన తండాల, కాలనీల పిల్లలు బజారుకెళ్ళి మెరిసే గిఫ్ట్ పేపరు కొంటారు. లోపల పెట్టేది చిన్న పెన్ను. పైన చుట్టే కాగితానికే ఎక్కువ డబ్బు పెడతారు. సారు దాన్ని చింపి పెన్ను తీసుకుంటారు, కాగితం చెత్తబుట్టలో పడుతుంది. ఆ కాగితం కొనలేక, కానుక ఇవ్వడానికే సిగ్గుపడి వెనక బెంచీలో కూర్చున్న పిల్లల్నీ మేము చూశాం. కట్టడం, అల్లడం, మోయడం చేతి విద్యలుగా బతికిన జాతుల పిల్లలకు ఆ సిగ్గు ఎందుకు రావాలి? దీనికి జవాబు మన చరిత్రలో ఉంది.

మన పేర్లే కొంత చరిత్ర చెబుతాయి. వెదురు దబ్బలతో బుట్టలల్లిన వాళ్ళు దబ్బ ఎరుకల వాళ్ళయ్యారు. ఉప్పు మోసుకెళ్ళి అమ్మిన వాళ్ళు ఉప్పు ఎరుకలయ్యారు. కరివేపాకు అమ్మిన వాళ్ళు కరివేపాకు ఎరుకలయ్యారు. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ అచ్చు వేసిన ఏడు సంపుటాల్లో కూడా ఈ పేర్లున్నాయి. సుగాలీలు ఎద్దుల మందలతో ఉప్పూ ధాన్యమూ ఊరూరికీ చేర్చారు. ఎద్దు వీపు మీద రెండు పక్కలా వేలాడే గోనెలే వాళ్ళ దుకాణం. ఇంగ్లీషు వాళ్ళు గోనెసంచిని 'గన్నీ' అనడం కూడా మన దేశపు 'గోనె' మాట నుంచి వచ్చిందే. అంటే సరుకు చెడకుండా కట్టి దూరం చేర్చడం మన పెద్దలకు తెలిసిన విద్య.

ఆ విద్యకు రెండు దెబ్బలు తగిలాయి. 19వ శతాబ్దం చివరికి మార్కాపురం, వినుకొండ, నరసరావుపేట మీదుగా రైలు నడిచింది. ఎద్దు మోసే బరువు రైలు పెట్టెలోకి ఎక్కింది. ఉప్పు మీద సర్కారు పట్టు కూడా అప్పటికే బిగిసింది. కోస్తా ఉప్పును లోపలి ఊళ్ళకు చేర్చే ఎరుకల వ్యాపారం ఎలా కూలిందో చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో వచ్చిన తన పుస్తకంలో వివరించారు.

రెండో దెబ్బ చట్టం. ఉత్తరాదిలో 1871లో మొదలైన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. పేరు నమోదు, వేలిముద్ర, హాజరు, ఊరు దాటాలంటే అనుమతి. బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంటు ఆ కాలంలో పుట్టిందే. నిన్నటి దాకా మూట నెత్తిన పెట్టుకుని ఊరు దాటిన మనిషి వ్యాపారి. చట్టం వచ్చాక అదే మనిషి అనుమానితుడు. 1952లో ఆ చట్టం రద్దయింది కానీ, మూట మీద పడ్డ అనుమానపు చూపు అంత తొందరగా పోలేదు. పిల్లవాడి సిగ్గుకు ఒక వేరు అక్కడుంది.

మన ఇళ్ళలో మాత్రం కానుక మీద చుట్టింది ఎప్పుడూ చెత్త కాలేదు. సుగాలీ ఆడవాళ్ళు అద్దాలు, గవ్వలు కుట్టిన సంచి లోపలి వస్తువు కన్నా ఎక్కువ కాలం నిలిచేది. ఎరుకల బుట్టలో పంపిన జొన్నలు అయిపోయినా, బుట్ట ఆ ఇంట్లోనే పనికొచ్చేది. తిరిగి పంపాల్సి వస్తే ఖాళీగా పంపేవాళ్ళు కాదు. అడవి పళ్ళకు మోదుగాకు దొప్ప ఉండేది. పాత చీర ముక్కలో కట్టి పంపితే, ఆ ముక్క తరవాత బొంతలో చేరేది.

జపాన్‌లోనూ చదరపు గుడ్డలో కానుక కట్టే పద్ధతి ఉంది. దాన్ని ఫురోషికి అంటారు. చెత్త తగ్గించడానికి 2006లో ఆ దేశపు పర్యావరణ మంత్రే దానికి ప్రచారం చేశారు. వాళ్ళ గుడ్డకు దొరికిన గౌరవం మన మూటకు ఎందుకు దొరకకూడదు? మన దేశంలోనూ 2022 జూలై 1 నుంచి మిఠాయి పెట్టెల మీద, ఆహ్వాన పత్రాల మీద చుట్టే ప్లాస్టిక్ పొరను నిషేధించారు.

కాబట్టి ఈ ఏడాది బడిలో ఇలా చేసి చూద్దాం. పాత చీరను చదరంగా కత్తిరించి, వస్తువు మధ్యలో పెట్టి, ఎదురెదురు కొసలు రెండేసి ముడి వేస్తే చాలు. జిగురు అక్కర్లేదు. మోదుగాకుల్ని బరువు కింద ఆరబెట్టి, విస్తరి కుట్టినట్టు పుల్లలతో కుడితే చిన్న పుస్తకానికి అట్ట అవుతుంది. ఈతాకు చీలిక రిబ్బను అవుతుంది. ఎండిన మోదుగ పూలు నీళ్ళలో మరిగిస్తే గుడ్డకు పసుపు, నారింజ రంగులు వస్తాయి. పగిలిన పత్తికాయ ఒకటి ముడిలో గుచ్చితే అది మన నేల గుర్తు.

మిరపకాయలు నింపిన గోనెసంచి ముక్క కూడా బాగుంటుంది. అయితే ముందు పెద్దవాళ్ళే ముక్కుకు గుడ్డ కట్టుకుని బయట దులపాలి. రెండు మూడు సార్లు నీళ్ళు మార్చి నానబెట్టి, ఎండలో ఆరేయాలి. ఆ ముక్కలో తినే వస్తువు కట్టకూడదు. ఎరువులు, పురుగుమందుల సంచుల జోలికి అసలే పోవద్దు.

ఉపాధ్యాయులకు మా మాట ఒకటి. ఆ ముడి వేయడం, ఆ పుల్ల గుచ్చడం నేర్పడానికి బుట్టలల్లే అవ్వను, సంచి కుట్టే అమ్మను బడికి పిలవండి. పిల్లలు ఆమె ముందు కూర్చుని నేర్చుకోవాలి. కట్టిన కానుక మీద ఒక చీటీ పెట్టించండి. ఏ ఆకు, ఏ గుడ్డ, ఎవరు నేర్పారు అన్న మూడు సంగతులు దాని మీద ఉంటే చాలు. ఆ పేర్లు రాసిన చెయ్యి కానుక ఇవ్వడానికి ఇక వెనకాడదు.