పాత ఆల్టో 800 కొంటున్నారా? ముందు తయారీ సంవత్సరం చూడండి

మధ్యతరగతి కుటుంబాలకు తొలి కారుగా పేరొందిన మారుతీ ఆల్టో 800 ఉత్పత్తి 2023లో నిలిచిపోయింది. 2012 అక్టోబరులో విడుదలైన ఈ కారు సెకండ్‌హ్యాండ్ విపణిలో మాత్రం విరివిగానే లభిస్తోంది. ధర, మైలేజీ చూసి తొందరపడేవారు మొదట పరిశీలించవలసింది తయారీ సంవత్సరాన్ని.

2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ ఢీకొట్టించి జరిపిన పరీక్షలో, ఎయిర్‌బ్యాగులు లేని ఆల్టో 800కు పెద్దల రక్షణ విషయంలో ఒక్క స్టారు కూడా దక్కలేదు. 2019 ఏప్రిల్‌లో వచ్చిన బీఎస్-6 కారులో డ్రైవరు ఎయిర్‌బ్యాగు, ఏబీఎస్ అన్ని రకాలకూ అమర్చారు. ధర కొంత అధికమైనా ఆ తర్వాతి బండినే ఎంచుకోవడం మేలు. అయితే ఒక్క ఎయిర్‌బ్యాగుతో ఇది జాతీయ రహదారిపై నూరు కిలోమీటర్ల వేగానికి తగిన కారు అయిపోదు.

796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజిను చిన్న పట్టణాల మెకానిక్కులకూ సుపరిచితమే. నలుగురు కూర్చుని ఏసీ వేస్తే ఎత్తు ఎక్కడానికి ఆయాసపడుతుంది. అది మరమ్మతుతో పోయేది కాదు. ఇంజిను చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించాలి. నీలిరంగు పొగ వస్తే ఆయిలు మండుతున్నట్లే. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో సర్వీసు రికార్డులో చూడాలి. కాళ్ల కింది మ్యాట్లు ఎత్తితే తుప్పు, వరద తడి ఆనవాళ్లు బయటపడతాయి.

ఆర్‌సీలో ఫైనాన్సు నమోదై ఉంటే, రుణం తీరినట్లు బ్యాంకు ఇచ్చే ఫారం-35 లేనిదే బయానా ఇవ్వరాదు. హైదరాబాద్‌లో రిజిస్టరైన కారును ఆంధ్రప్రదేశ్‌కు తెచ్చుకోదలచినవారు అక్కడి రవాణా కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం పొందాలి. ఇక్కడ చెల్లించవలసిన జీవితకాల పన్ను ఎంతో బేరానికి ముందే తెలుసుకోవాలి.