సర్వర్‌ గదిలో కరెంటు పోతే.. తొలి చూపు పీడీయూపైనే

* బ్రేకర్‌ పడిందంటే అది హెచ్చరిక.. కారణం తెలియకుండా ఆన్‌ చేయరాదు
* రెండు లైన్లు ఉన్నా ఒక్కోదానిపై భారం సగంలోపే ఉండాలి

'సర్వర్‌ పనిచేయడం లేదు, రేపు రండి' అన్న మాట వినని వారు పల్లెల్లోనూ అరుదు. 1998లో రిజిస్ట్రేషన్‌ శాఖలో కార్డ్‌ ప్రాజెక్టు, 2011లో మీసేవ, 2019లో ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చిన తరువాత దస్తావేజు నకలు మొదలు ఆదాయ ధ్రువీకరణ పత్రం వరకు పనులన్నీ కంప్యూటర్ల మీదుగానే సాగుతున్నాయి. సర్వర్‌ ఆగితే పని మానుకుని వచ్చిన రైతు, దరఖాస్తు గడువు ముంచుకొచ్చిన విద్యార్థి ఉత్త చేతులతో వెనుదిరగవలసిందే.

సర్వర్‌ ఆగిందనగానే అందరి దృష్టి యంత్రంపైకి, నెట్‌వర్క్‌పైకి మళ్లుతుంది. ఆ రెంటికీ కరెంటు అందించే పీడీయూను గమనించే వారు తక్కువ. కార్యాలయాలు, కళాశాలలు, ఆసుపత్రులు, బ్యాంకు శాఖల్లో సర్వర్‌ గదిని చూసుకునే సిబ్బంది ఈ పరికరంలో తలెత్తే లోపాలను వరుసక్రమంలో ఎలా గుర్తించాలో తెలిపే వివరాలివి.

పీడీయూ అంటే..

యూపీఎస్‌ నుంచి వచ్చే విద్యుత్తును రాక్‌లోని సర్వర్లు, స్విచ్‌లకు పంచే సాకెట్ల పట్టీయే పీడీయూ. రాక్‌ వెనుక నిలువుగానో, అడ్డంగానో బిగించి ఉంటుంది. చూపునకు ఇంట్లో వాడే ఎక్స్‌టెన్షన్‌ బాక్సులా కనిపించినా రేయింబవళ్లు ఆగకుండా భారం మోసేలా తయారవుతుంది. ఇందులో సీ13 రకం సాకెట్లు 10 ఆంపియర్లకు, సీ19 రకం 16 ఆంపియర్లకు ఉద్దేశించినవి. కొన్ని పీడీయూలు కేవలం కరెంటును పంచుతాయి. కొన్నింటిలో ఎన్ని ఆంపియర్లు పోతున్నాయో చూపే తెర ఉంటుంది. మరికొన్నింటిలో ఒక్కో సాకెట్‌ను నెట్‌వర్క్‌ ద్వారా దూరం నుంచే ఆపవచ్చు, వెలిగించవచ్చు.

ఎంతమేర ఆగిందో ముందు చూడాలి

లోపం ఎక్కడుందో చెప్పేది ఆగిన పరికరాల సంఖ్యే. ఒక్క సర్వర్‌ మాత్రమే ఆగితే దాని తీగను అదే పీడీయూలోని మరో సాకెట్‌కు మార్చి చూడాలి. వెలిగితే మొదటి సాకెట్‌లోనే లోపం. వెలగకపోతే తీగను మార్చాలి. అప్పటికీ ఫలితం లేకుంటే సర్వర్‌లోని పవర్‌ సప్లయ్‌ని అనుమానించాలి. వరుసగా నాలుగైదు సాకెట్లు ఒకేసారి ఆగితే ఆ వరుసకు ఉన్న చిన్న బ్రేకర్‌ పడినట్లు. పీడీయూ మొత్తం ఆగితే దానికి కరెంటు తెచ్చే ప్లగ్గును, గోడపై బోర్డులోని ఎంసీబీని చూడాలి. గది మొత్తం చీకటయితే లోపం యూపీఎస్‌లోనో, అంతకు ముందో ఉంది. ఈ వరుస పాటించకుండా అన్నింటినీ ఒకేసారి కదిపితే అసలు కారణం మరుగున పడుతుంది.

బ్రేకర్‌ పడితే..

పడిన బ్రేకర్‌ను వెంటనే పైకి లేపడం చాలాచోట్ల అలవాటు. ఇదే ప్రమాదకరం. తీగలను కాపాడేందుకే బ్రేకర్‌ పడుతుంది. కాలిన వాసన, నల్లబడిన ప్లగ్గు, మెత్తబడిన తీగ తొడుగు కనిపిస్తే ఇక ఆన్‌ చేయరాదు. అలాంటివేవీ లేకుంటే ఆ వరుసలోని ప్లగ్గులన్నీ తీసివేసి, ఖాళీ పీడీయూపై ఒక్కసారి మాత్రమే బ్రేకర్‌ను ఆన్‌ చేసి చూడాలి.

ఖాళీగా ఉన్నప్పుడే మళ్లీ పడితే లోపం పీడీయూ లోపలనో, దానికి వచ్చే తీగలోనో ఉంది. నిలబడితే పరికరాలను ఒక్కొక్కటిగా కలపాలి. ఏది కలిపినప్పుడు పడిందో దానిని పక్కన పెట్టాలి. అన్నీ కలిపాక కొంతసేపు నిలిచి తరువాత పడితే అది అధిక భారానికో, వదులైన స్క్రూ వల్ల పుట్టిన వేడికో సూచన.

భారం లెక్క ఇలా..

నిరంతరం నడిచే లోడు బ్రేకర్‌ సామర్థ్యంలో 80 శాతానికి మించకుండా చూడటం ఈ రంగంలో స్థిరపడిన పద్ధతి. 16 ఆంపియర్ల పీడీయూకు ఆ పరిమితి 12.8 ఆంపియర్లు. మన దేశంలో సింగిల్‌ ఫేజ్‌ విద్యుత్తు 230 వోల్టులు కనుక ఇది సుమారు 2,940 వాట్లు. 300 వాట్ల చొప్పున తీసుకునే సర్వర్‌కు 1.3 ఆంపియర్లు కావాలి. తొమ్మిది సర్వర్లకు 11.7 ఆంపియర్లు సరిపోతాయి. పదోది కలిపితే 13 ఆంపియర్లతో పరిమితి దాటుతుంది. ఆనాటికి బ్రేకర్‌ పడకపోవచ్చు. ఎండాకాలంలో గది వేడెక్కిన మధ్యాహ్నం పడుతుంది. తెర లేని పీడీయూ అయితే ఎలక్ట్రీషియన్‌ చేత క్లాంప్‌ మీటర్‌తో కొలిపించాలి. గది ఊడ్చే యంత్రం, టీ కాచే కెటిల్‌, కూలర్‌ వంటివి ఈ సాకెట్లకు తగిలించరాదు. పీడీయూకు మరో ఎక్స్‌టెన్షన్‌ బాక్సు కలపడమూ తగదు.

రెండు లైన్లతో భరోసా ఎప్పుడు?

ముఖ్యమైన సర్వర్లకు రెండు పవర్‌ సప్లయ్‌లు ఉంటాయి. ఒకటి 'ఏ' లైన్‌ పీడీయూకు, రెండోది 'బి' లైన్‌ పీడీయూకు కలపాలన్నది నియమం. రెండు తీగలనూ ఒకే పీడీయూకు గుచ్చితే ఆ ఏర్పాటు వృథా. వేర్వేరుగా కలిపినా చాలదు. రెండు పీడీయూలూ 60 శాతం చొప్పున భారం మోస్తుంటే, ఒకటి ఆగిన క్షణంలో రెండోదానిపై 120 శాతం పడి అదీ ఆగిపోతుంది. అందుకే ఒక్కోదానిపై భారం 40 శాతం మించరాదు. 16 ఆంపియర్ల పీడీయూ అయితే 6.4 ఆంపియర్లు.

ఈ నిర్లక్ష్యానికి మూల్యం ఎంతో ప్రపంచం 2016లో చూసింది. ఆ ఏడాది ఆగస్టు 8న అమెరికాలోని అట్లాంటాలో డెల్టా ఎయిర్‌లైన్స్‌ కంప్యూటర్‌ కేంద్రంలో విద్యుత్తు నియంత్రణ పరికరం విఫలమైంది. సుమారు 7 వేల సర్వర్లలో 300 వరకు ప్రత్యామ్నాయ విద్యుత్తుకు కలిపి లేవని ఆ సంస్థ సీఈవో ఎడ్‌ బాస్టియన్‌ తరువాత వెల్లడించారు. మూడు రోజుల్లో 2 వేలకు పైగా విమానాలు రద్దయ్యాయి.

కరెంటు తిరిగొచ్చే క్షణం కీలకం

సర్వర్‌ వెలిగే తొలి క్షణంలో మామూలు కంటే అనేక రెట్లు అధిక కరెంటు లాగుతుంది. అన్నీ ఒకేసారి వెలిగితే భారం పరిమితిలో ఉన్నా బ్రేకర్‌ పడవచ్చు. సాకెట్లను ఒకదాని తరువాత ఒకటి వెలిగించే సౌకర్యం పీడీయూలో ఉంటే వినియోగించుకోవాలి. లేకుంటే చేతితోనే ముందు నెట్‌వర్క్‌ స్విచ్‌లు, తరువాత స్టోరేజీ, చివరగా సర్వర్లు, కొన్ని క్షణాల వ్యవధితో ఆన్‌ చేయాలి.

న్యూట్రల్‌, ఎర్తింగ్‌

త్రీఫేజ్‌ కనెక్షన్‌ ఉన్న చోట న్యూట్రల్‌ వదులైతే ముప్పు పెద్దది. తక్కువ భారం ఉన్న ఫేజ్‌పై వోల్టేజీ 230 నుంచి 400 దరిదాపులకు ఎగబాకి పరికరాలు మాడిపోతాయి. లైట్లు కొన్ని మసకగా, కొన్ని మితిమీరిన కాంతితో వెలగడం దీనికి ఆనవాలు. అలా కనిపించిన వెంటనే మెయిన్‌ ఆపివేయాలి.

ఏ పరికరమూ పాడవకున్నా ఎర్త్‌ లీకేజీ బ్రేకర్‌ పదేపదే పడటం మరో సమస్య. ప్రతి సర్వర్‌లోని ఫిల్టర్‌ నుంచి స్వల్పంగా విద్యుత్తు ఎర్త్‌లోకి పోతుంది. పది, పదిహేను పరికరాలవి కలిస్తే 30 మిల్లీ ఆంపియర్ల బ్రేకర్‌ పడే స్థాయికి చేరవచ్చు. దీనికి విరుగుడు పరికరాలను వేర్వేరు సర్క్యూట్లకు విభజించడమే. బ్రేకర్‌ను తొలగించి నేరుగా కలపడం ప్రాణాలతో చెలగాటం. ఎర్త్‌ గుంతలో తేమ ఆరిపోకుండా వేసవిలో నీరు పోయిస్తూ ఉండాలి.

వేడి, తెర

సర్వర్‌ గదిలో ఉష్ణోగ్రత 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండటం మేలు. ఎక్కువ పీడీయూ లోపాలకు వదులైన ప్లగ్గే మొదలు. వదులైన చోట వేడి పుడుతుంది, వేడికి లోహపు పట్టు మరింత సడలుతుంది. కదిపితే ఊగే సాకెట్‌ను వాడకుండా టేపు అంటించి పక్కన పెట్టాలి.

పీడీయూ తెర ఆరిపోయినా, నెట్‌వర్క్‌లో కనిపించకపోయినా సాకెట్లలో కరెంటు ఉండవచ్చు. సర్వర్లు నడుస్తుంటే కంగారుపడి ప్లగ్గు లాగరాదు. చాలా రకాల్లో సాకెట్లకు అంతరాయం లేకుండా నియంత్రణ భాగాన్ని మాత్రమే రీసెట్‌ చేయవచ్చు. ముందుగా కంపెనీ పుస్తకంలో ఆ సంగతి నిర్ధారించుకోవాలి. నెట్‌వర్క్‌కు కలిపే పీడీయూలో కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్‌ను మొదటి రోజే మార్చాలి. లేదంటే బయటివారు దూరం నుంచే సర్వర్లను ఆపగలరు.

సిబ్బంది ఇక్కడ ఆగాలి

ప్లగ్గు తీయడం, పెట్టడం, ఒక్కసారి బ్రేకర్‌ ఆన్‌ చేయడం వరకే కార్యాలయ సిబ్బంది పని. పీడీయూ మూత విప్పడం, బోర్డులో స్క్రూలు బిగించడం లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ చేయవలసినవి. మెయిన్‌ ఆపినా యూపీఎస్‌ నుంచి కరెంటు వస్తూనే ఉంటుందన్నది మరువరాదు. మంటలు రేగితే నీరు చల్లరాదు. కార్బన్‌ డయాక్సైడ్‌ సిలిండర్‌ తలుపు వద్దే ఉంచాలి.

ఒక రిజిస్టర్‌ చాలు

ఏ తీగ ఏ సాకెట్‌ నుంచి ఏ సర్వర్‌కు పోతుందో రెండు చివర్లా చీటీ అంటించాలి. వారానికోసారి ఒక్కో పీడీయూ ఎన్ని ఆంపియర్లు తీసుకుంటున్నదో రిజిస్టర్‌లో రాయాలి. బ్రేకర్‌ పడిన తేదీ, సమయం, అప్పుడు కొత్తగా కలిపిన పరికరం నమోదు చేయాలి. గత నెల 5 ఆంపియర్లున్న చోట ఈ నెల 8 కనిపిస్తే, బ్రేకర్‌ పడకముందే కారణం వెదకవచ్చు. దీనికి కావలసింది ఒక నోటుపుస్తకం, వారానికి పది నిమిషాలు. పని మానుకుని పొరుగూరి నుంచి వచ్చిన మనిషిని రేపు రమ్మనే అవసరం అంతమేరకు తగ్గుతుంది.