సీజన్: విత్తు నుంచి అమ్మకం దాకా

సీజన్ అనే ఇంగ్లీషు మాటకు మూలం లాటిన్‌లోని ‘సాతియో’. విత్తడమని దాని అర్థం. అది పాత ఫ్రెంచిలో విత్తే అదునుకు పేరై, 1300 ప్రాంతంలో ఇంగ్లీషులోకి వచ్చింది. తర్వాత రుతువులన్నిటికీ, ఏ పనికైనా తగిన వేళకూ వర్తించింది. రైలు సీజన్ టికెట్ దాకా వచ్చేసరికి అందులో వానా లేదు, విత్తూ లేదు.

ఆదోని, ఎమ్మిగనూరు సీమలో విత్తడానికి ఈ మాట అవసరం పడలేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో ఉండేది. అందుకే ఇక్కడి సేద్యపు మాటల్లో కన్నడం కలిసిపోయింది. ‘కారు’ అంటే వానకాలం. ముందటి వానలు ముంగారు, వెనకటివి హింగారు. ఎర్రనేలలు ముంగారుకు, తేమ పట్టి ఉంచే నల్లరేగడి హింగారుకు అనువు. ఏ పైరు ఎప్పుడు వేయాలో కార్తెలు చెబుతాయి. సర్కారు లెక్కల్లోని ఖరీఫ్, రబీ మాత్రం అరబ్బీ మాటలు. శరత్తు, వసంతం అని అర్థం. రెండూ పంట చేతికొచ్చే కాలాలే. శిస్తు వసూలు చేసేవాడికి విత్తనంతో పనేముంది?

సీజన్ ఇక్కడ పత్తి వ్యాపారంలో స్థిరపడింది. ఆదోనిలో ‘సీజన్ మొదలైంది’ అంటే మార్కెట్ యార్డుకు పత్తి రావడం, జిన్నింగ్ మిల్లులు తిరగడం. దేశంలో పత్తి సంవత్సరం అక్టోబరు 1న మొదలై సెప్టెంబరు 30న ముగుస్తుంది. పూర్వం రేగడిలో హింగారు వానలకు వేసిన నాటు పత్తి సంక్రాంతి దాటాకే ఏరుబడికి వచ్చేది. 2002లో దేశంలో అనుమతి పొందిన బీటీ పత్తిని తొలకరికే వేస్తారు. దసరా, దీపావళి నాటికి యార్డు నిండుతుంది. అంటే మాట అదే ఉండగా అది సూచించే నెలలు మారాయి.

కూలీలది మరో మాట, సుగ్గి. కన్నడంలో పంటకోతల కాలానికి ఇదే పేరు. కోసిగి, మంత్రాలయం మండలాల్లో సొంతూళ్ల పనులు అయిపోగానే కుటుంబాలు పిల్లాపాపలతో గుంటూరు వైపు పత్తి ఏరడానికి, మిరప కోయడానికి పోతాయి. దాన్నే ‘సుగ్గికి పోవడం’ అంటారు. ఇక్కడ కాలం పేరే వలసకూ పేరైంది.