కైజర్లింగ్ పద్ధతి

వైద్య కళాశాలల మ్యూజియాల్లో గాజు జాడీల్లో దాచే అవయవాలకు సహజమైన రంగు నిలిపే విధానం ఇది. జర్మన్ పాథాలజిస్టు కార్ల్ కైజర్లింగ్ 1890ల చివర్లో బెర్లిన్‌లో దీన్ని రూపొందించాడు.

అంతకుముందు ఎక్కువగా సారాయే దిక్కు. అది అవయవాన్ని కుళ్లనివ్వదు గానీ, రంగును లాగేస్తుంది. 1893లో ఫెర్డినాండ్ బ్లూమ్ ఫార్మలిన్ గుణాన్ని వెల్లడించాక భద్రపరచడం తేలికైంది. రంగు గొడవ మాత్రం తీరలేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ మార్పు చెంది, గుండె అయినా మూత్రపిండమైనా మట్టిరంగుకు తిరిగేది.

కైజర్లింగ్ మూడు ద్రావణాలు వాడాడు. మొదటిది ఫార్మలిన్, పొటాషియం నైట్రేట్, పొటాషియం అసిటేట్ కలిపిన నీరు. ఇందులో అవయవం గట్టిపడుతుంది, రంగు పోతుంది. అసలు తమాషా రెండోదాంట్లో ఉంది. 80 శాతం ఆల్కహాల్‌లో ముంచితే, వెలిసిపోయిన కాలేయం మళ్లీ ఎర్రబారుతుంది. ముచ్చటపడి అక్కడే వదిలేస్తే మాత్రం అంతే సంగతులు: వచ్చిన రంగు మళ్లీ పోతుంది, ఇక తిరిగి రాదు. అందుకే పక్కనే ఉండి కనిపెట్టాలి. మూడోది ప్రదర్శన ద్రావణం. గ్లిజరిన్, అసిటేట్ కలిపిన నీరు. జాడీకి గాలి చొరకుండా మూత బిగించి, ఎండ తగలని చోట ఉంచుతారు.

రక్తనాళాలను చూపే పద్ధతి వేరు. వాటిలోకి రంగు మైనం ఎక్కిస్తారు. ఆమ్‌స్టర్‌డామ్‌కు చెందిన ఫ్రెడరిక్ రైష్ ఇందులో అందెవేసిన చేయి. అతని సేకరణను 1717లో రష్యా చక్రవర్తి పీటర్ 30,000 గిల్డర్లకు కొన్నాడు. వాటిలో కొన్ని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని కున్స్ట్‌కామెరా మ్యూజియంలో ఇప్పటికీ ఉన్నాయి.