మూడు షిఫ్టుల ఊళ్లో చక్కెర లెక్క

బొగ్గు గనుల ఊరు గోదావరిఖనిలో పరగడుపు అంటే ఎప్పుడో చెప్పడం కష్టం. రాత్రి షిఫ్టుకు దిగిన మనిషి అర్ధరాత్రి దాటాక డబ్బా విప్పుతాడు. తెల్లారి పైకొచ్చి చాయ్ తాగి, ఇంటికి పోయి నాలుగు ముద్దలు తిని పడుకుంటాడు. ఆయనకు మధ్యాహ్నమే నడిరాత్రి. వారం తిరిగితే షిఫ్టు మారుతుంది, కడుపు లెక్కా మారుతుంది. ల్యాబ్ మాత్రం అందరికీ ఒకే మాట చెబుతుంది: పొద్దున్నే ఏమీ తినకుండా రండి. షుగర్ పరీక్షల్లో చాలామటుకు రాత్రి పడుకుని పొద్దున లేచేవాళ్లను చూసి పెట్టుకున్నవే. బొగ్గు బాయిలో బతికేవాళ్లు ఆ లెక్కలో ఎన్నడూ లేరు.

ఇల్లందు దగ్గర బొగ్గుందని జియలాజికల్ సర్వే అధికారి విలియం కింగ్ కనిపెట్టింది 1871లో. సింగరేణి కాలరీస్ పేరుతో కంపెనీ నమోదైంది 1920 డిసెంబర్ 23న. గోదావరిఖని ఉన్న రామగుండం వైపు బాయిలు తెరుచుకోవడానికి ఇంకో నలభై ఏళ్లు పట్టింది. 1960ల మొదట్లో గోదావరి ఒడ్డున ఏటవాలుగా దిగే ఇంక్లైన్లు, వాటి చుట్టూ గుడిసెలు, తర్వాత క్వార్టర్లు వచ్చాయి. ఇంక్లైన్ నంబరే కాలనీ పేరైపోయి యైటింక్లైన్ కాలనీ లాంటివి పుట్టాయి. అప్పటి ఫిల్లర్ పని అంటే తట్టా చెమ్మస్ (పార) పని. బొగ్గు ఎత్తాలి, మోయాలి, టబ్బు నింపాలి. అలా చెమటోడ్చే ఒంట్లో చక్కెర పేరుకుంటుందని ఎవరనుకుంటారు? షుగర్ అంటే కూర్చుని తినే దొరల జబ్బనే పేరుండేది.

చట్టం మాత్రం అలా అనుకోలేదు. మైన్స్ రూల్స్ ప్రకారం గని కార్మికుడికి ఉద్యోగంలో చేరేటప్పుడూ, ఆ తర్వాత ఐదేళ్లకు మించకుండా ఎప్పటికప్పుడూ వైద్య పరీక్ష జరగాలి. ఆ పరీక్ష రాసే ఫారంలో ఊపిరితిత్తులు, కళ్లు, చెవులతోపాటు మూత్రానికీ ఒక గడి ఉంది. అందులో ఆల్బుమిన్ ఎంత, చక్కెర ఎంత అని రాయాలి. ఐదేళ్లకోసారి చూసే చక్కెర ఏపాటి చక్కెరో వేరే చెప్పాలా?

పైగా ఈ పరీక్ష చుట్టూ ఇంకో ముడి ఉంది. ‘అన్‌ఫిట్’ అనే మాట కోల్‌బెల్ట్‌లో భయమూ ఆశా రెండూను. ఉన్న పని పోతుందేమోనని ఒకరు, పనికిరానని మెడికల్ బోర్డు తేలిస్తే కొడుకుకు ఉద్యోగం వస్తుందని ఇంకొకరు. మనుషులు డాక్టర్ ముందు తమ ఒంటి గురించి ఎంత చెప్పాలో, ఎంత దాచాలో ఇలాంటి లెక్కలే తేలుస్తాయి. ఇది సింగరేణి ఒక్కదాని సంగతి కాదు, కొలువుకూ ఒంటికీ ముడిపెట్టిన ప్రతిచోటా ఉన్నదే.

మూత్రంలో తీపి సంగతి మన పాత వైద్యులకు తెలుసు. చీమలు పట్టడం చూసే మధుమేహమని పేరు పెట్టారు. 1908లో అమెరికన్ రసాయనవేత్త స్టాన్లీ బెనెడిక్ట్ చేసిన నీలం ద్రావణం ఆ చీమల పని అందుకుంది. 5 మిల్లీలీటర్ల ద్రావణంలో ఎనిమిది చుక్కల మూత్రం కలిపి మరిగించాలి. నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు. ఆకుపచ్చ, పసుపు, నారింజ దాటి ఇటుక ఎరుపుకు వస్తే ముదిరినట్టు. ఎన్ని తరాల ల్యాబ్ టెక్నీషియన్లు ఆ రంగులు చూసి మందులు రాయించారో లెక్కలేదు. లోపమేమిటంటే, రక్తంలో గ్లూకోజ్ డెసిలీటరుకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటితేగాని మూత్రంలోకి రాదు. వచ్చినా అది గడిచిన కొన్ని గంటల కథ, ఇప్పటిది కాదు.

రక్తంలోనే కొలవడానికి 1920 ప్రాంతంలో ఫోలిన్–వూ పద్ధతి వచ్చింది. తెలుగువాళ్లు గుర్తుపెట్టుకోదగ్గ సంగతి ఒకటుంది: ఆ పద్ధతి తెచ్చిన ఒట్టో ఫోలిన్ నడిపిన హార్వర్డ్ బయోకెమిస్ట్రీ విభాగంలోనే మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టాడు. అదీ రంగు చూసి కొలిచే పద్ధతే.

కొలత రోగి చేతికి రావడం వెనక మొండితనం ఉంది. 1970 ప్రాంతంలో ఏమ్స్ కంపెనీ తెచ్చిన మీటర్ కిలోకు పైగా బరువు, ధర ఐదువందల డాలర్లకు దగ్గర. దాన్ని డాక్టర్లకే అమ్మేవాళ్లు. రిచర్డ్ బెర్న్‌స్టీన్ అనే ఇంజినీరు చిన్నప్పటి నుంచి షుగర్ రోగి. భార్య డాక్టర్ కావడంతో ఆమె పేరు మీద ఒకటి కొనిపించుకుని ఇంట్లో తనే పరీక్ష చేసుకున్నాడు. తర్వాత వైద్య విద్య చదివి డాక్టరే అయ్యాడు. 1987 నాటికి మీటర్ పెన్నంత అయింది. ఇప్పుడు గోదావరిఖని మెడికల్ షాపుల్లో గ్లూకోమీటర్ థర్మామీటర్ అంత మామూలు వస్తువు.

ఈలోగా ఇక్కడి పనీ మారింది. 1970ల నడుమ నుంచి ఓపెన్‌కాస్ట్‌లు వచ్చాయి, బాయిల్లోకి బొగ్గు ఎత్తే ఎస్‌డీఎల్, ఎల్‌హెచ్‌డీ యంత్రాలు దిగాయి. 1990ల మొదట్లో లక్ష దాటిన కార్మికులు ఇప్పుడు నలభై వేల దరిదాపుల్లో ఉన్నారు. బొగ్గు మాత్రం 2023–24లో 7 కోట్ల టన్నులు తీశారు. తట్ట మోసిన ఇంట్లోనే కొడుకు డంపర్ క్యాబిన్‌లో కూర్చుని ఎనిమిది గంటలు నడుపుతున్నాడు. జబ్బుకు కూర్చోవడం ఒక్కటే కారణమంటే తప్పు. నిద్ర చెడగొట్టే షిఫ్టులకూ అందులో వాటా ఉంది. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే దేశంలో పది కోట్లమందికి పైగా షుగర్ ఉందని తేల్చాక దొరల జబ్బనే మాటకు విలువ లేదు.

ఇక భుజానికి అంటించుకునే బిళ్ల, అంటే సెన్సర్ సంగతి. చర్మం కింద సన్నటి తీగ ఉంచి, కణాల మధ్య నీటిలోని గ్లూకోజ్‌ను అదేపనిగా కొలిచే తొలి యంత్రానికి అమెరికాలో 1999లో అనుమతి దొరికింది. అది మూడు రోజులు పనిచేసేది, అంకెలు రోగికి కనిపించేవి కావు. 2014లో ఐరోపాలో వచ్చిన ఫ్రీస్టైల్ లిబ్రే దాన్ని 14 రోజులకు పెంచింది, వేలు గుచ్చి సరిచూసే పని తీసేసింది. మరుసటి ఏడు మన దేశానికి డాక్టర్ దగ్గర చదివించుకునే ‘ప్రో’ రకం వచ్చింది, కొన్నేళ్లకు రోగి తానే చదువుకునే రకమూ వచ్చింది.

ఒక సెన్సర్ నాలుగైదు వేల రూపాయలు. ఏడాది పొడుగునా పెట్టుకోవాలంటే 26 కావాలి, లక్ష దాటుతుంది. రోజుకు నాలుగుసార్లు వేలు గుచ్చుకున్నా స్ట్రిప్పుల ఖర్చు అందులో మూడో వంతు కాదు. సింగరేణిలో రిటైరైనవాళ్ల వైద్య పథకానికీ జీవితకాల ఖర్చు పరిమితి ఉంది. కాబట్టి చవకైన సెన్సర్ ఏ బ్రాండ్‌ది అని అడగడం కంటే ఎన్ని రోజులు కావాలని అడగడం మేలు. మాత్రల మీద నడిచేవాళ్లకు, డాక్టర్ ఒప్పుకుంటే, ఏడాదికి ఒకటో రెండో చాలు: ఒకటి రాత్రి షిఫ్టు వారమూ పగటి షిఫ్టు వారమూ కలిసేలా పెట్టుకుంటే ఏ పూట చక్కెర ఎగబాకుతోందో బయటపడుతుంది. 14 రోజులకు సరిగ్గా రెండు షిఫ్టులు పడతాయి. ఇన్సులిన్ మీదున్నవాళ్ల సంగతి వేరు. డంపర్ నడిపేటప్పుడు చక్కెర పడిపోతే ప్రాణాలమీదికొస్తుంది, వాళ్లకు ఈ ఖర్చు దండగ కాదు. బిళ్ల అంకె రక్తం కంటే ఐదు పది నిమిషాలు వెనకే నడుస్తుంది గనుక చేతులు వణికితే వేలు గుచ్చి చూసుకోవాల్సిందే. అసలు షిఫ్టుతో పనిలేని చవక పరీక్ష ఒకటుంది, హెచ్‌బీఏ1సీ. దానికి పరగడుపు అక్కర్లేదు, కొన్ని వందల్లో మూడు నెలల సగటు చెబుతుంది. మొదట చేయించుకోవలసింది అదే.

బాయిలోకి దిగేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. ఫోన్ కిందికి తీసుకుపోకూడదు. బిళ్లలోనూ బ్యాటరీ ఉంటుంది కనుక కొనకముందే మేనేజర్‌నో సేఫ్టీ అధికారినో అడిగి అనుమతి తీసుకోవాలి. అనుమతి దొరికినా, స్కాన్ చేసి చూసుకునే తొలితరం లిబ్రే 8 గంటల అంకెలే దాచుకుంటుంది. షిఫ్టూ 8 గంటలే. మస్టర్ పడకముందు ఒకసారి స్కాన్ చేసి, పైకొచ్చి లాంప్ అప్పజెప్పి, బండి డిక్కీలోని ఫోన్ తీసేసరికి 8 గంటలు దాటిపోతాయి. ఆ స్కాన్ తర్వాత, దిగేముందు నమోదైన అంకెలు అప్పటికే చెరిగిపోయి ఉంటాయి.